బొట్టు చెదరని బ్యాటు

నాలుగు నెలల్లో నేను మూడు బ్యాట్లు మార్చాను. మొదటిది బరువెక్కువన్నాను. రెండోదాని పిడి లావన్నాను. మూడోదాని రబ్బరు బంతిని పట్టడం లేదన్నాను. అందరూ నమ్మారు. టేబుల్ టెన్నిస్ ఆడేవాళ్లతో ఉన్న సుఖం అదే. ఓడినవాడు బ్యాటును తిడితే ఎవరూ అడ్డం చెప్పరు, ఎందుకంటే రేపు వాళ్లకూ ఆ మాట అవసరం పడుతుంది.

అసలు సంగతి నా కుడిచేయి. అది వణుకుతోంది.

పెద్ద వణుకేం కాదు, చూసేవాళ్లకు తెలియదు. టీ గ్లాసు పట్టుకుంటే టీ మీద సన్నటి అలలు లేస్తాయి. చొక్కా గుండీ మొదటిసారికే రంధ్రంలోకి పోదు. మొదట నిద్ర చాలకేమో అనుకున్నాను. తర్వాత టీ మానేసి చూశాను. ఆ తర్వాత చేతిని జేబులో పెట్టుకుని తిరగడం అలవాటు చేసుకున్నాను. మా చిన్నాయన ఉరుకుందప్పకు కూడా ఇలాగే బొటనవేలి దగ్గర మొదలైంది. ఆరేళ్లు తిరిగేసరికి అన్నం ముద్ద నోటిదాకా పోకుండా ఒళ్లో పడేది. ఆ జబ్బుకో పేరుంది. ఫోనులో చదివి, ఫోనును బోర్లా పెట్టాను. ఆ పేరు ఇక్కడ కూడా రాయను.

నా పనేమిటో చెబితే నా భయం ఏపాటిదో మీకే తెలుస్తుంది. బళ్లారి నుంచి సిరుగుప్ప రోడ్డు పట్టుకుని పోతే, వరిమళ్లు మొదలయ్యే చోట ఒక చిన్న రోలింగ్ మిల్లు ఉంది. తోరణగల్లు పెద్ద ఉక్కు కార్ఖానాను చూసి వచ్చినవాళ్లు మాదాన్ని చూస్తే నవ్వుతారు. అందులో నేను క్రేన్ ఆపరేటర్ని. షెడ్డు కప్పు కింద, పట్టాల మీద నడిచే క్రేను అది. ముప్పై అడుగుల ఎత్తున అద్దాల కేబిన్‌లో కూర్చుని, కుడిచేతి కింద ఒక పిడి, ఎడమచేతి కింద ఒక పిడి పెట్టుకుని, మూడు టన్నుల ఇనుప కడ్డీల కట్టను ఎత్తి లారీ మీద దించాలి. కింద హొన్నూరుస్వామి ఉంటాడు. కట్టకు చెయిను తగిలించేది అతను. ఎత్తు, దించు, ఆపు అని చేత్తో సైగ చేసేది అతను. దిగే కట్ట పక్కన నిలబడి కడ్డీల కొన పట్టి సర్దేది కూడా అతనే. పదకొండేళ్లుగా నేను పైన, అతను కింద. షిఫ్టు దిగాక మిల్లు రిక్రియేషన్ రూములో టేబులుకు ఈ పక్క నేను, ఆ పక్క అతను.

దసరాకు మూడు వారాల ముందు, కట్ట దించుతుండగా నా వేళ్లు పిడి మీద ఒక్కసారి ఎగిరాయి. వెంట్రుకవాసి కదలిక, అంతే. పైన వెంట్రుకవాసి అంటే కింద మూరెడు. కట్ట ఊగి హొన్నూరు ఛాతీ మీదికి పోయింది. అతను వెనక్కి దూకాడు. కడ్డీ కొన అతని చొక్కా గుండీని తెంపుకుని పోయింది. నేను అద్దం వెనక నోరు తెరిచాను గానీ అరుపు రాలేదు.

కిందికి దిగాక షిఫ్టు ఇన్‌చార్జి మౌనేశ్ సార్ ఏమైందని అడిగాడు.

"బ్రేకు పట్టలేదు సార్" అన్నాను.

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చెప్పలేను. నాలుగు నెలలుగా బ్యాట్ల మీద సాధన చేసిన నోరు కదా. మెకానిక్కులు రెండు గంటలు కూర్చుని బ్రేకు విప్పి చూశారు. ఏమీ దొరకలేదు. హొన్నూరు మాత్రం తెగిన గుండీ చోట పిన్నీసు పెట్టుకుని, "దానికీ వయసయ్యింది కదప్పా" అని నవ్వాడు.

చెప్పేయొచ్చు కదా అని మీరనుకుంటారు. చెప్పడానికి నేను మూడుసార్లు డాక్టరు వీధి మలుపు దాకా పోయాను. చెబితే అది నిజమైపోతుంది. చెప్పనంత కాలం అది బ్యాటు తప్పు, బ్రేకు తప్పు, నిద్ర తప్పు. మా వంశంలో అందరూ ఒకరి పొలంలో వంగి పనిచేసినవాళ్లే. ముప్పై అడుగుల పైన కూర్చుని పనిచేసే మొదటి మనిషిని నేను. ఆ కేబిన్ దిగితే నాకు వేరే పని రాదు. ఎక్కితేనేమో కింద హొన్నూరు ఉన్నాడు. ఎక్కడానికీ దిగడానికీ నడుమ, ఆ నిచ్చెన మీదనే మూడు వారాలు బతికాను.

"ఇంగ నీ బ్యాటు పురాణం చాలప్పా" అన్నాడు హొన్నూరు ఒక శనివారం, నేను వరుసగా ఐదు ఆటలు ఓడిపోయాక. "రేపు బళ్లారికి పోదాం. నేనే దగ్గరుండి తీసిస్తా. అప్పుడు సూస్తాం, ఎట్లా ఆడవో."

అతను కాలేజీ రోజుల్లో జిల్లా తరఫున ఆడినవాడు. బ్యాటు చేతికిస్తే బరువు చెప్పేస్తాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. సరేనన్నాను.

బెంగళూరు రోడ్డులో సోమప్ప అంగడి రెండు గోడల మధ్య ఇరుక్కున్నట్టు ఉంటుంది. గట్టిగా ఆడేవాళ్లు బ్యాటును తయారుగా కొనరు. చెక్క వేరు, రబ్బర్లు వేరు. ఏ చెక్కకు ఏ రబ్బరు అతికించాలో మనిషిని బట్టి ఉంటుంది. సోమప్ప ఆ జత కుదిర్చే మనిషి. డెబ్బై దాటాయి.

"యా ఆటప్పా నీది? కొట్టే ఆటనా, ఆపే ఆటనా?"

"ఆపే ఆట" అన్నాను. నాలుగు నెలల కిందటయితే కొట్టే ఆటే అనేవాణ్ని. హొన్నూరు నా వైపు తిరిగి చూశాడు.

సోమప్ప ఒక చెక్క తీసి దాని మీద బంతిని ఎగరేశాడు. ఒకే రకం శబ్దం, ఒకే ఎత్తు. "ఐదు పొరలది. పేరున్న మాల్. బళ్లారిలో సగం మంది చేతిలో ఇదే ఉండాది. ఇంతవరకూ ఒకరూ వాపస్ తేలేదు."

సగం ఊరి చేతుల్లో బాగా ఆడే చెక్క నా చేతిలో ఆడకపోతే, ఇక నేను దేన్ని తిట్టాలి?

"వేరేది చూపించప్పా" అన్నాను.

ఇంకోటి తీశాడు. దానికీ పేరుంది. మరొకటి. దానికి ఇంకా పెద్ద పేరు. ప్రతిదానికీ సోమప్ప ఒక సాక్ష్యం చెబుతున్నాడు, ఫలానా కాలేజీ కుర్రాడు దీంతో గెలిచాడని, ఫలానా బ్యాంకు మేనేజరు పదేళ్లుగా ఇదే వాడుతున్నాడని. చివరికి అడుగు అరలో దుమ్ము పట్టిన అట్టపెట్టె కనపడింది. దాని మీద టోర్వా అని ఉంది. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.

"అదేంది?"

"అదా" అని సోమప్ప ముఖం చిట్లించాడు. "యా కంపెనీనో నాకే గొత్తిల్ల, తెలీదు. వేరే పార్సెల్‌లో తప్పుగా వచ్చింది. ఏడు పొరల చెక్క. జతగా వాళ్లవే రబ్బర్లు ఉండాయి, నల్లదొకటి, ఎర్రదొకటి. పోటీల్లో ఆడనిచ్చే ముద్ర అయితే ఉండాది. ఆడినోళ్లు మాత్రం ఈ సీమలో ఒకరూ లేరు."

హొన్నూరు ఫోను తీసి వెతికాడు. "ప్రపంచంలో ఇద్దరే రాసినారప్పా దీని గురించి. ఒకడు బంగారమంటాండాడు. ఇంకొకడు పొయ్యిలో పెట్టమంటాండాడు. బేడ, వద్దు. ఆ ఐదు పొరలదే తీసుకో."

ఆ రెండు మాటలు విన్నాక నాకు చాలా రోజుల తర్వాత ఊపిరి సరిగ్గా ఆడింది. బాగుందో లేదో ఎవరికీ తెలియని బ్యాటు. నేను ఓడితే అది చెడ్డదని చెప్పొచ్చు, కాదనడానికి బళ్లారి జిల్లా మొత్తంలో ఒక్కడూ లేడు. ఇలాంటి బ్యాటు దేవుడు నా కోసమే తప్పు పార్సెల్‌లో పెట్టి పంపించాడు.

"ఇదే కావాల" అన్నాను.

"తలకాయ తిరిగిందా నీకు? స్పాంజి మందం కూడా తెలీదు."

"ఇదే కావాలప్పా."

హొన్నూరు చేతులు దులుపుకున్నాడు. సోమప్పకు మాత్రం దుమ్ము పట్టిన మాల్ పోతోందన్న సంతోషం. చెక్కను తుడిచి, "పిడి సరిపోతాదా చూస్తా, చెయ్యి ఇట్లియ్యప్పా" అన్నాడు.

నేను ఎడమచేయి ఇచ్చాను.

"ఎడమచేతి వాటమా?"

"ఊ" అన్నాను.

హొన్నూరు నా పక్కనే నిలబడి ఒక బంతిని వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. పదకొండేళ్లుగా నా కుడిచేతి ఆట చూస్తున్న మనిషి. ఆ బంతి తిరగడం ఆగిపోయింది. అతనేమంటాడోనని ఎదురుచూశాను. కాసేపటికి బంతి మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. నా కుడిచేయి జేబులో ఉంది. జేబు గుడ్డ కదులుతోందేమో చూసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

సోమప్ప బ్రష్షుతో చెక్కకూ రబ్బరుకూ జిగురు పూశాడు. తెల్లటి జిగురు ఆరి నీళ్లలా తేటపడే దాకా ఆగి, రబ్బరును పరిచి, ఒక గాజు సీసాను దాని మీద దొర్లించాడు. తర్వాత బ్లేడుతో చెక్క అంచు చుట్టూ రబ్బరును కోశాడు. ఎక్కడా ఆగకుండా, ఎక్కడా వణక్కుండా ఒకే కోత. డెబ్బై ఏళ్ల చేయి అది. నాకు నలభై రెండు. ఆ ముసలాయన మీద నాకు ఎందుకో చెప్పలేనంత కోపం వచ్చింది.

బ్యాటు తయారయ్యాక హొన్నూరు తీసుకుని బంతి ఎగరేసి చూశాడు. "శబ్దం బాగుండాది" అన్నాడు, అనుమానంగా. ఆ మాట నాకు నచ్చలేదు.

రెండు రోజులకు ఆయుధ పూజ. ఆ రోజు మిల్లు నడవదు. పొద్దున్నే అందరం పోయి యంత్రాలు కడిగి, అరటి పిలకలు కట్టి, క్రేను హుక్కుకు బంతిపూల దండ వేశాం. ఏడాదంతా ఏ పనిముట్టుతో బతికామో దాన్ని ముట్టి కళ్లకద్దుకోవడం ఇక్కడి పద్ధతి. తొక్కాం, తిట్టాం, తప్పయ్యింది, మన్నించమని లోపల అనుకోవాలి. హొన్నూరు తన చెయినును కళ్లకద్దుకున్నాడు. నేను నిచ్చెన ఎక్కి కేబిన్‌లోకి పోయి కుడిపక్క పిడికి కుంకుమ బొట్టు పెట్టాను. మన్నించమని అనుకోబోతే మాట రాలేదు. దీని మీదే కదా అబద్ధం చెప్పాను. చేయని తప్పుకు దాని బ్రేకు విప్పించాను. ఇనుము కాబట్టి ఊరుకుంది. కింద బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. కుంకుమ నీళ్లు నేల మీద చిమ్మాయి. అది సరిగ్గా హొన్నూరు రోజూ నిలబడే చోటు.

ఇంటికి వచ్చేసరికి నా భార్య కావేరి పూజ ముగించింది. పీట మీద కత్తిపీట, కొడవలి, ఆమె కుట్టుమిషను కత్తెర, నా బండి తాళం. వాటి నడుమ టోర్వా బ్యాటు. నల్లటి రబ్బరు తెల్లగా ఉంది.

"ఏంది ఇది?"

"విబూది. మూడు వేళ్లతో పెడితే గీతలు నిలబడలేదు, జిగటగా ఉండాది కదా. అందుకే అరచేత్తో పూస్తి. రెండు పక్కలా."

రెండు పక్కలా నడిమధ్యన గుండ్రంగా కుంకుమ బొట్టు కూడా పెట్టింది. నాకు తల తిరిగిపోయింది. చేతి చెమట తగిలితేనే ఆ రబ్బరును తుడిచి పెట్టుకుంటాం. విభూతి పూయడం ఈ భూమ్మీద ఎవరూ చేసి ఉండరు.

"రబ్బరు చెడిపోతాది కదే."

"చెడిపోతే చెడిపోనీ. మూడు బ్యాట్లు పూజ లేకుండానే ఆడితివి, ఏం బాగుపడితివి? దీన్నన్నా పద్ధతిగా మొదలుపెట్టు. ఈ పొద్దు ముట్టకూడదు. రేపు దశమి. మొదటి ఆట అయ్యేదాకా తుడవొద్దు." ఆ మాట అంటూనే దగ్గరికొచ్చి, ఊడిపోయి ఉన్న నా చొక్కా పై గుండీ పెట్టింది. నా ముఖం చూడలేదు.

కోపం చల్లారాక నాకు ఇంకో సంగతి తట్టింది. విభూతి వల్ల బంతి జారుతుంది. రేపు ఓడితే విభూతిని తిట్టొచ్చు. పేరు తెలియని బ్యాటు, దాని మీద విభూతి. నాకింక కావలసినన్ని సాకులు ఉన్నాయి. ఆ పూట అన్నం కడుపునిండా తిన్నాను.

దశమి నాడు మిల్లు మొదలయ్యేది మధ్యాహ్నం రెండింటికి, మా షిఫ్టుతోనే. పదకొండింటికే రిక్రియేషన్ రూముకు పోయాం. ఇంకెవరూ లేరు. టేబులు మీది ఎర్రదుమ్ము తుడిచి, నేను సంచిలోంచి బ్యాటు తీశాను. హొన్నూరు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఎవురన్నా రబ్బరుకు విబూది పూస్తారాప్పా? తుడువు."

"మొదటి ఆట అయ్యేదాకా తుడవొద్దనింది."

పూజ చేసిన వస్తువు అనేసరికి అతనూ తగ్గాడు. "సరి. నల్ల పక్కతో ఒక ముప్పై బంతులు ఆడు, చాలు. ఆమె మాట నిలబెట్టినట్టు అయితాది."

కుడిచేత్తోనే ఆడాను. తేలికైన బంతులే ఇచ్చాడు, ఒకే చోటికి, ఒకే వేగంతో. ఒకటి నెట్‌కు తగిలింది. ఒకటి టేబులు దాటిపోయింది. ఒకటి బ్యాటు అంచుకు తగిలి కిటికీ మీదికి పోయింది. ప్రతి పది బంతుల్లో నాలుగో ఐదో తిరిగి అతని వైపు పోతున్నాయి.

"విబూదికి జారతాండాది" అన్నాను.

"ఊ."

"చెక్క కూడా మంచిది కాదనిపిస్తాండాది."

"ఊ. యాడ, ఇట్లియ్యి, నేను చూస్తా."

ఇస్తూ నేను దాన్ని చూశాను. అతనూ అప్పుడే చూశాడు.

తెల్లటి విభూతి మీద బంతి తగిలిన ప్రతిచోటా నల్లటి గుండ్రటి అచ్చు పడి ఉంది. పై అంచున కొన్ని. పిడి దగ్గర కొన్ని. ఎడమ అంచున ఒకదాని మీద ఒకటి. రబ్బరు దాటి చెక్క అంచు మీద కూడా. ముప్పై బంతులూ ఎక్కడెక్కడ తగిలాయో అచ్చు గుద్దినట్టు కనపడుతున్నాయి. నడుమ కావేరి పెట్టిన బొట్టు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క బంతి కూడా దాన్ని తాకలేదు.

హొన్నూరు తన పాత బ్యాటు నాకిచ్చి, టోర్వాను ఎర్ర పక్కకు తిప్పుకున్నాడు. "బంతి వెయ్యి" అన్నాడు.

వేశాను. విభూతి అలాగే ఉంది, జారుడు అలాగే ఉంది. అయినా అతని చేతిలో ఆ చెక్క ఇంకో చెక్కలా మోగింది. బంతి నెట్ మీద బెత్తెడు ఎత్తులో వచ్చి, టేబులు చివర దిగి, నా మీదికి లేచింది. మళ్లీ అదే. మళ్లీ అదే. మూడో నాలుగో బంతికి అతని ముఖంలో ఆటగాడి సంతోషం కనపడింది. దేనికోసం ఆడుతున్నాడో ఒక నిమిషం మరిచిపోయాడు. బంగారమని రాసినవాడే నిజం చెప్పాడు.

ముప్పై అయ్యాయి. అతను బ్యాటు తిప్పి చూసుకున్నాడు. బొట్టు లేదు. ఆ చోట అరచేతి గుంటంత మేర రబ్బరు శుభ్రంగా ఎర్రగా ఉంది. చుట్టూ విభూతి చెక్కుచెదరలేదు.

బ్యాటును టేబులు మీద ఎర్ర పక్క పైకి పెట్టాడు. తర్వాత తిప్పి నల్ల పక్క పైకి పెట్టాడు. రెండు చేతులూ టేబులు మీద ఆనించి అలాగే నిలబడ్డాడు. అడుగుతాడని భయపడ్డాను. నీ చేతికి ఏమయ్యిందప్పా అని ఒక్క మాట అడిగితే నేను అక్కడే కూలబడి ఏడ్చేవాణ్ని. అడగలేదు. అడగనందుకు ఇంకా భయమేసింది. జేబులోంచి రుమాలు తీసి నల్ల పక్కను మెల్లగా తుడిచాడు, అంచులు ముందు, బొట్టు చివర. నా అచ్చులన్నీ పోయాయి. తర్వాత బ్యాటును సంచిలో పెట్టి నాకిచ్చాడు.

"అన్నం తినిపోదాం పా. షిఫ్టుకు టైమయితాండాది" అన్నాడు.

తిన్నామో లేదో నాకు గుర్తు లేదు. రెండింటికి నిచ్చెన ఎక్కాను. కేబిన్‌లో నిన్నటి పూలు వాడి ఉన్నాయి. పిడి మీద నిన్న నేను పెట్టిన బొట్టు ఉంది. కింద లారీ వెనక్కి వచ్చి ఆగింది. పూజ తర్వాత ఎత్తే మొదటి కట్ట కాబట్టి మౌనేశ్ సార్ కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు.

హొన్నూరు చెయిను తగిలించాడు. ఇక అతను నిలబడే చోటు మారుస్తాడని అనుకున్నాను. పదడుగులు వెనక్కి పోతాడు, లేకపోతే మౌనేశ్ సార్ దగ్గరికి పోయి చెవిలో చెబుతాడు. పోవాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా. అతను చెబితే నేను చెప్పక్కర్లేదు. అతను పోలేదు. ఎప్పుడూ నిలబడే చోటనే, గుమ్మడికాయ కుంకుమ మరక మీదనే నిలబడి, తలెత్తి నన్ను చూసి, చేయెత్తి వేలు తిప్పాడు. ఎత్తు, అని.

ఎత్తాను. కట్ట నేల విడిచింది. మోకాలి ఎత్తుకు వచ్చింది, నడుము ఎత్తుకు వచ్చింది. ఇప్పుడు దాన్ని అతని పక్కగా లారీ మీదికి నడిపించాలి. నా కుడిచేయి పిడి మీద ఉంది. బొటనవేలు తన పని తాను మొదలుపెట్టింది. ఆపమంటే ఆగలేదు. ఎవరిదో వేలు నా చేతికి అతికించినట్టు అది ఆడుతోంది. కట్ట చివర సన్నగా ఊగడం మొదలైంది. హొన్నూరు అది చూశాడు. చూసి కూడా జరగలేదు. అతని చొక్కా మీద పిన్నీసు మెరుస్తోంది.

నేను ఎడమచేతిని తెచ్చి కుడిచేతి మీద వేసి, ఉన్న బలమంతా పెట్టి అదిమాను. రెండు చేతులతో ఆ పిడిని పట్టుకుని కట్టను ఎక్కడినుంచి ఎత్తానో అక్కడికే దించాను. అంత మెల్లగా నా జన్మలో ఏదీ దించలేదు. కట్ట నేలకు ఆనిన శబ్దం వినపడ్డాక స్విచ్చు ఆపి, తాళం తీసి, నిచ్చెన దిగాను.

"ఏమప్పా భీమేష్, మళ్లా బ్రేకా?" అని మౌనేశ్ సార్ గబగబా వచ్చాడు.

"కాదు సార్. బ్రేకు బాగుండాది. ఆ పొద్దు కూడా బాగుండె." తాళం ఆయన చేతిలో పెట్టి, నా కుడిచేతిని జేబులోకి పోనివ్వకుండా ఆయన ముందు చాపాను. "తప్పు దీనిది. నాలుగు నెలలాయె."

ఆయన నా చేతిని చూశాడు. అక్కడున్న స్టూలు నా వైపు జరిపి, ఫోను తీసుకుని షెడ్డు బయటికి నడిచాడు. డాక్టరుకో, మేనేజరుకో. ఏమైనా కానీ అనుకున్నాను. ఆ పేరు ఇప్పుడు ఎవరో ఒకరు నా ముందు పలుకుతారు. భయం అలాగే ఉంది. చిన్నాయన ఒళ్లో పడిన అన్నం ముద్ద కళ్ల ముందు అలాగే ఉంది.

హొన్నూరు వచ్చి నా పక్కన కడ్డీల కట్ట మీద కూర్చున్నాడు.

"బ్యాటు మంచిదేనప్పా" అన్నాను.

"హౌదు. చాలా మంచిది."

"అంగట్లో ఎడమచేయి ఇచ్చినప్పుడే నీకు తెలిసిపోయింది కదా?"

"గుండీ తెగినప్పుడే తెలిసె."

"మరి యాల చెప్పలేదు? ఆడనే యాల నిలబడితివి?"

"నేను జరిగితే నాకు తెలిసిందని నీకు తెలిసిపోతాది కదప్పా" అన్నాడు. "నువ్వే చెప్తావులే అనుకుంటి. ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు."

నేను చేయి చాపాను. అతను పట్టుకున్నాడు. అతని అరచేయి చల్లగా, చెమటతో తడిసి ఉంది. నా చేతికంటే ఎక్కువగా వణుకుతోంది.

"భయమయ్యిందా హొన్నూరూ?"

"దినామూ అయితాండె" అన్నాడు.